పోచంపల్లి ఇక్కత్ ఆల్బమ్‌కు వీడియోలు చేర్చడం: పని డైరీ

జూలై 5

పోచంపల్లి ఇక్కత్ నేత మీద ఫొటోలు పంచుకునే వెబ్‌సైటు ఫ్లికర్‌లో కొన్నేళ్లుగా పెంచుకుంటూ వస్తున్న ఫొటోల ఆల్బమ్‌కు వీడియోలు చేర్చే పని ఈరోజు మొదలుపెట్టాను. ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవం. 1905లో అదే తేదీన కలకత్తాలో స్వదేశీ ఉద్యమానికి పిలుపు ఇచ్చిన సందర్భానికి గుర్తుగా 2015 నుంచి ఆ దినోత్సవాన్ని జరుపుకుంటున్నాం. ఆ రోజుకల్లా నూలు చుట్టడం నుంచి మగ్గం మీద నేత దాకా ముఖ్యమైన దశలన్నింటికీ ఒక్కో చిన్న వీడియో ఆల్బమ్‌లో ఉండాలని అనుకుంటున్నాను.

ఫొటోలు ఎన్ని ఉన్నా చెప్పలేకపోయిన విషయాలు కొన్ని ఉండిపోయాయి. వాటిలో మొదటిది ఆసు పోయడం, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం. అర్ధవృత్తంలో వరుసగా బిగించిన మేకులు, వాటి మీద విసనకర్రలా పరుచుకున్న పట్టుదారం ఫొటోలో చక్కగా కనిపిస్తాయి. కానీ ఒక చీరకు సరిపడే దారాన్ని ఆ మేకుల చుట్టూ తిప్పడానికి చేయి వేల సార్లు అటూ ఇటూ కదలాలన్న సంగతి ఎంత మంచి ఫొటో అయినా చూపించలేదు. ఆ పనితో తన తల్లి ఏళ్ల తరబడి అనుభవించిన భుజాల నొప్పిని చూసే చింతకింది మల్లేశం ఆసు పోసే లక్ష్మీ ఆసు యంత్రాన్ని రూపొందించారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చేత్తో ఆసు పోయడాన్ని ఒక్క నిమిషం పాటు ఆపకుండా చూసినవారికి ఆ యంత్రం ఎందుకు పుట్టిందో ఎవరూ విడిగా వివరించనక్కర లేదు. ఈ పని తలకెత్తుకోవడానికి నాకు అన్నిటికంటే బలమైన కారణం ఆ ఒక్క నిమిషమే.

ముందుగా హద్దులు రాసుకున్నాను. ఫ్లికర్‌లో ఒక వీడియో ఫైలు 1 జీబీకి మించకూడదు. ఉచిత ఖాతావారి వీడియోకు 3 నిమిషాలు, డబ్బు కట్టే ప్రో ఖాతావారికి 10 నిమిషాలు పరిమితి. 2008 ఏప్రిల్‌లో ఆ వెబ్‌సైటు మొదటిసారి వీడియోలను అనుమతించినప్పుడు పరిమితి 90 సెకన్లే ఉండేది, వాటిని పొడవైన ఫొటోలుగా భావించమని అప్పట్లో సభ్యులకు చెప్పారు. పరిమితి తరవాత సడలినా, ఫొటోల మధ్య కూర్చునే వీడియోకు ఆ పాత కొలతే తగినదని నా నమ్మకం. ఫొటోలు చూస్తూ వచ్చిన మనిషి ఒకచోట ఆగి ఒక కదలికను చూసి మళ్లీ ఫొటోల్లోకి వెళ్లాలి. అందుకని ప్రతి క్లిప్పూ 90 సెకన్ల లోపే ఉండాలనీ, ఒక క్లిప్పులో ఒకే పని కనిపించాలనీ, మధ్యలో కత్తిరింపులు ఉండకూడదనీ నియమం పెట్టుకున్నాను.

కెమెరా నుంచి వచ్చిన ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు ఎక్కించే వీలు ఎలాగూ లేదు. 4కె (3840×2160 చుక్కల) చిత్రీకరణ సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున రికార్డవుతుంది. అంటే సెకనుకు 12.5 ఎంబీ, 90 సెకన్లకు 1125 ఎంబీ. పరిమితి అక్కడే దాటిపోతోంది. కాబట్టి కుదింపు తప్పదు. ఆ కుదింపులో ఏది పోయినా ఏది మాత్రం పోకూడదో ముందే తేల్చుకోవాలి.

జూలై 8

పోకూడనిది ఏదో ఈరోజు నిర్ణయించుకున్నాను: ఇక్కత్ బొమ్మ అంచు. నేయకముందే దారాన్ని కట్టలుగా చేసి, రంగు తగలకూడని చోట సైకిలు ట్యూబు రబ్బరు పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచి తీస్తారు. చిటికి కట్టడమంటే ఇదే. ఎంత బిగించి కట్టినా కట్టు అంచున రంగు కాస్త లోపలికి పాకుతుంది. నేసేటప్పుడు దారం వెంట్రుకవాసి అటో ఇటో జరుగుతుంది. అందుకే ఇక్కత్‌లో ఏ రేఖా కత్తితో కోసినట్టు ఉండదు, ఒక రంగు పక్క రంగులోకి సన్నగా నూగులా సాగుతుంది. మిల్లుగుడ్డ మీద అచ్చువేసిన ఇక్కత్ డిజైనుకూ నేతగాని చేతిలో పుట్టిన ఇక్కత్‌కూ తేడా తెలిసేది ప్రధానంగా అక్కడే. కుదింపులో ఆ నూగు చెరిగిపోతే మిగిలే బొమ్మను చూసి ఇది నేతదో అచ్చుదో ఎవరూ చెప్పలేరు. అలాంటి వీడియో ఎక్కించినా ప్రయోజనం లేదు.

ఆ దృష్టితోనే క్లిప్పుల ఎంపికకు కూర్చున్నాను. మగ్గాల గదుల్లో పొద్దంతా రేడియో మోగుతూనే ఉంటుంది, లేకపోతే పక్క గదిలో టీవీ వినిపిస్తుంది. నేత పనికి అది తోడు, దాన్ని ఆపమని అడగడం నాకు ఇష్టం ఉండదు. అయితే నేపథ్యంలో సినిమా పాట స్పష్టంగా వినిపించే క్లిప్పును బహిరంగంగా పెడితే ఆ పాట హక్కుల సమస్య వస్తుంది. పాటను మాత్రం తొలగించి మగ్గం చప్పుడును యథాతథంగా ఉంచడం నా దగ్గరున్న సాధనాలతో సాధ్యం కాదు. కాబట్టి అలాంటివి ఎంత బాగా వచ్చినా పక్కన పెట్టాను. ఒక ఆసు క్లిప్పు దృశ్యపరంగా అన్నిటిలోకీ మేలైనది, వెనక మొత్తం పాటే ఉంది. దాని ధ్వనిని పూర్తిగా తీసేసి పెట్టవచ్చు కానీ, దారం మేకును తాకి జారే చిన్న రాపిడి శబ్దం లేకుండా ఆ పని సగమే తెలుస్తుంది. అందుకే రెండో వరుసలో ఉన్న మరో క్లిప్పును తీసుకున్నాను.

ఇంకొక వడపోత అనుమతికి సంబంధించినది. ఫొటోలు తీయడానికి ఒప్పుకున్న కుటుంబాలు వీడియోకూ ఒప్పుకున్నట్టే అని అనుకోకూడదు. వీడియోలో మాటలు వినిపిస్తాయి, ఇల్లు కనిపిస్తుంది, పిల్లలు తిరుగుతుంటారు. ఎంచుకున్న ప్రతి క్లిప్పునూ సంబంధిత కుటుంబానికి ఫోనులో పంపి చూపించాను. ఒక పెద్దాయన తన క్లిప్పు చూసి, గోడకు అంటించిన గళ్ల కాగితం మీది డిజైను కనిపిస్తోందనీ, అది ఇంకా మార్కెట్‌లోకి రాలేదనీ, ఎవరైనా చూసి అచ్చువేయించుకుంటే తన కుటుంబం కొన్ని నెలలుగా పడ్డ శ్రమ పోతుందనీ చెప్పారు. ఆయన మాట నూటికి నూరుపాళ్లు న్యాయం. 4కె చిత్రంలో గళ్లు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. ఆ గోడ చట్రంలోకి రాకుండా 4కె నుంచి 1920×1080 పరిమాణం గల కిటికీని మగ్గం మీదికి జరిపి కత్తిరించాను. పెద్ద పరిమాణంలో చిత్రీకరించడం వల్ల దొరికే సౌలభ్యం ఇది: నాలుగో వంతు భాగాన్ని మాత్రమే తీసుకున్నా పూర్తి హెచ్‌డీ స్పష్టత మిగులుతుంది. కత్తిరించినది ఆయనకు మళ్లీ పంపాను, సరేనన్న తరవాతే జాబితాలో చేర్చాను.

జూలై 12

వెలుతురు, చట్రాల (ఫ్రేముల) వేగం సంగతి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, చవక రకం ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. సెకనుకు 25 చట్రాలతో, షట్టరు 1/50 సెకను దగ్గర తీసినవాటిలో ఆ మినుకు కనిపించదు, ఎందుకంటే ప్రతి చట్రంలోనూ వెలుగు సరిగ్గా రెండు చక్రాలు పూర్తిచేస్తుంది. ఫోనులో సెకనుకు 30 చట్రాలతో తీసిన కొన్ని క్లిప్పుల్లో మాత్రం గోడ మీద లేత చారలు పైకి పాకుతున్నాయి. సాఫ్ట్‌వేర్‌తో కొంత తగ్గించవచ్చు కానీ ఆ శుద్ధిలో చీర నునుపు కూడా మారిపోతుంది. ట్యూబులైటు కింద ఫోనుతో తీసినవన్నీ తొలగించి, కిటికీ వెలుతురులో తీసిన ఫోను క్లిప్పులను మాత్రమే ఉంచాను.

ఫోను క్లిప్పులకు మరో లక్షణం ఉంది. వాటిలో చట్రాల మధ్య వ్యవధి నిలకడగా ఉండదు, వెలుతురును బట్టి ఫోను దాన్ని మార్చుకుంటుంది. ఎడిటింగ్‌లోకి తెచ్చాక నాడె (అడ్డదారాన్ని మోసే సాధనం) కదలికకూ చప్పుడుకూ పొంతన తప్పడానికి సాధారణంగా ఇదే కారణం. వీడియోలను మార్చే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే సాఫ్ట్‌వేర్‌తో ముందుగా వాటిని స్థిరమైన వేగానికి మార్చి, ఆ తరవాతే మిగతా పని చేస్తున్నాను. నిలువుగా తీసిన వీడియోల్లో చిత్రం నిజానికి అడ్డంగానే నమోదై, దాన్ని తిప్పి చూపమనే సూచన మాత్రం ఫైలులో విడిగా ఉంటుంది. మళ్లీ ఎన్‌కోడ్ చేసేటప్పుడు, అంటే కుదించి రాసేటప్పుడు, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ఆ సూచనను చదివి చిత్రాన్నే తిప్పి రాస్తుంది కాబట్టి తరవాత ఎక్కడ చూసినా నిలువుగానే ఉంటుంది.

జూలై 13

రోజంతా ఒకే ఒక క్లిప్పు మీద గడిచింది: మగ్గం మీద నేస్తున్న ఎరుపు, నలుపు, తెలుపు చీర దగ్గరి దృశ్యం. ఈ క్లిప్పుకు సరైన పద్ధతి దొరికితే మిగతావాటికి అదే సరిపోతుంది.

సమస్య మూడు వైపుల నుంచి ఉంది. మొదటిది రంగు. వీడియోలో వెలుగు సమాచారం ప్రతి చుక్కకూ (పిక్సెల్‌కూ) ఉంటుంది కానీ, సాధారణంగా వాడే 4:2:0 పద్ధతిలో రంగు సమాచారం నాలుగు చుక్కలకు కలిపి ఒక్కటే ఉంటుంది. మామూలు దృశ్యాల్లో కన్ను దాన్ని గుర్తించదు. ఎరుపు పక్కన దాదాపు అంతే వెలుగు గల ముదురు రంగు వచ్చినప్పుడు మాత్రం అంచును చూపించే బాధ్యత మొత్తం రంగు మీదే పడుతుంది, అప్పుడు ఆ అంచు మెత్తబడి మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. ఇక్కత్ నూగు సరిగ్గా అలాంటి అంచే. కెమెరాలో 10 బిట్ల 4:2:2 ఎంపిక ఉన్నందువల్ల మూల ఫైలులో రంగు వివరం బాగానే ఉంది, వెబ్‌సైటుకు వెళ్లే ప్రతిలో మాత్రం 4:2:0 తప్పదు. బ్రౌజర్లు, ఫోన్లు అన్నిచోట్లా నిశ్చింతగా ఆడేది 8 బిట్ల హెచ్.264 అనే కుదింపు పద్ధతి కాబట్టి ఆ పరిమితికి లోబడే మార్గం వెతికాను. కెమెరాను ఇంకా దగ్గరికి తెచ్చి తీసిన క్లిప్పులో ఒక్కో దారమూ అనేక చుక్కల వెడల్పు ఆక్రమిస్తుంది. అప్పుడు నాలుగు చుక్కలకు ఒక రంగు అయినా నూగు నిలుస్తోంది. అంటే ఈ సమస్యకు నిజమైన పరిష్కారం ఎన్‌కోడింగ్‌లో దొరికేది కాదు, చిత్రీకరణ దూరంలో ఉంది. మగ్గం మొత్తం కనిపించే క్లిప్పులో నూగును చూపాలన్న ఆశ వదులుకుని, నూగు కోసం దగ్గరి క్లిప్పును విడిగా పెట్టడమే సరైన మార్గమని తేలింది.

రెండోది చారల భ్రమ. దారాల వరుస చుక్కల వరుసతో దాదాపు సమానమైనప్పుడు గుడ్డ మీద లేని అలలు తెర మీద కనిపిస్తాయి, మగ్గం కదిలినప్పుడల్లా అవీ ఈదుతాయి. నేత వస్త్రాన్ని ఫొటో తీసే ప్రతివారికీ మోరే అనే ఈ చిక్కు తెలుసు. ఫొటోలోనైతే ఒకచోట సరిదిద్దితే సరిపోతుంది, వీడియోలో చట్రం చట్రానికీ మారుతూ కన్ను దాని మీదికే పోతుంది. 4కె ను 1080కి దించేటప్పుడు ఇది ఎక్కువవుతోంది. దించే ముందు అతి స్వల్పంగా మసకబరిచి, ఆ తరవాత లాంజోస్ పద్ధతిలో పరిమాణం తగ్గిస్తే అలలు చాలావరకు పోయాయి. మసక ఎంత ఉండాలన్నది అంకెతో తేల్చలేకపోయాను. దారం పోగు విడిగా కనిపించడం మానేసే చోటు దాకా పెంచి, అక్కడి నుంచి కొంచెం వెనక్కి వచ్చి ఆపాను.

మూడోది చీకట్లో వచ్చే గింజలు. గుంట మగ్గం ఉండే గదికి సాధారణంగా ఒక్క కిటికీ, కింద గుంటలో చీకటి. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా సున్నితత్వం) పెంచి తీసినందువల్ల నీడల్లో చిత్రం గింజలు గింజలుగా ఉంది. ఆ గింజలు ప్రతి చట్రంలోనూ మారుతుంటాయి కాబట్టి ఎన్‌కోడరు వాటిని కూడా వివరమని భావించి బిట్లన్నీ వాటికే ఖర్చుచేస్తుంది, గుడ్డకు మిగిలేది తగ్గిపోతుంది. గింజలు తగ్గించే ఫిల్టరును మొత్తం చిత్రానికి వర్తింపజేస్తే పోగు కూడా నున్నబడి ప్లాస్టిక్‌లా తయారవుతోంది. అందుకని నీడలను కొంచెం ముదురు చేసి గింజలను చీకట్లోకి నెట్టాను, ఫిల్టరును అతి తక్కువ మోతాదులో మాత్రమే వాడాను. గుంటలో కాళ్ల కదలిక కొంత చీకటిలో పడింది. దానికి వేరే క్లిప్పు ఉంది కాబట్టి ఇక్కడ గుడ్డకే ప్రాధాన్యం ఇవ్వడం న్యాయమనిపించింది.

ఎన్‌కోడింగ్‌కు చివరికి స్థిరపరచుకున్నవి: హెచ్.264 రాసే ఎక్స్264 ఎన్‌కోడరు, నాణ్యత కొలమానం సీఆర్‌ఎఫ్ 18, వేగం నెమ్మది, 1920×1080, సెకనుకు 25 చట్రాలు, రంగుల ప్రమాణం బీటీ.709. ఈ సీఆర్‌ఎఫ్ కొలమానం 0 నుంచి 51 దాకా ఉంటుంది, అంకె తగ్గేకొద్దీ నాణ్యత, ఫైలు పరిమాణం రెండూ పెరుగుతాయి. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఎక్స్264 వాడుకునేది 23. చూడటానికి మాత్రమే ఉద్దేశించిన ఫైలుకు 23 సరిపోవచ్చు, వెబ్‌సైటుకు ఇచ్చే ఫైలుకు సరిపోదు. మనం ఎక్కించినదాన్ని వెబ్‌సైటు యథాతథంగా చూపించదు, రకరకాల తెరలకు సరిపడేలా తానే మరోసారి కుదిస్తుంది. ఒకసారి కుదించి నష్టపోయినదాన్ని రెండోసారి కుదిస్తే మొదటిసారి మిగిలిన మచ్చలను కూడా ఆ ఎన్‌కోడరు చిత్రంలో భాగమని నమ్మి భద్రపరుస్తుంది. పరిమాణ పరిమితి లోపల ఇమిడినంతవరకు వీలైనంత మంచి ప్రతిని ఇవ్వడమే తెలివైన పని. ఒక నిమిషం క్లిప్పు 200 ఎంబీ వచ్చినా 1 జీబీ పరిమితికి చాలా దూరంలోనే ఉన్నట్టు.

జూలై 19

ధ్వని. మగ్గం చప్పుడు సంగీతంలా సాగదు. నాడె పరుగు, దారాన్ని లోపలికి కొట్టే పన్నె దెబ్బ, కాళ్లతో తొక్కే పావుకోళ్ల కిర్రు, మధ్యలో నిశ్శబ్దం. దెబ్బ గట్టిగా, క్షణకాలం మాత్రమే ఉంటుంది కాబట్టి సగటు ధ్వని తక్కువ, శిఖరాలు మాత్రం ఎత్తు. వీడియోల ధ్వనిని ఒక నిర్ణీత సగటుకు పెంచే పద్ధతి మాటలకూ పాటలకూ బాగుంటుంది, ఇక్కడ మాత్రం సగటును పెంచితే ప్రతి దెబ్బా పైకప్పుకు తగిలి పగులుతుంది. పగలకుండా శిఖరాలను తగ్గించే కంప్రెసరుతో అణిచితే దెబ్బకూ నిశ్శబ్దానికీ ఉన్న తేడా పోయి మగ్గం మరబొమ్మలా వినిపిస్తుంది. శిఖరాన్ని మైనస్ 1 డెసిబెల్ దగ్గర నిలిపి, సగటును దాని మానాన వదిలేశాను. వినేవారు శబ్దాన్ని కొంచెం పెంచుకోవలసి వస్తుంది, అయినా చప్పుడు నిజమైనదిగా ఉంటుంది. ఫ్యాను గాలి గుంయిమనే అడుగు శబ్దాన్ని 80 హెర్ట్జ్ కింద కోసేశాను. ధ్వనిని ఏఏసీ కుదింపు పద్ధతిలో, 48 కిలోహెర్ట్జ్, రెండు చానళ్లుగా ఉంచాను.

నేపథ్య సంగీతం ఏ క్లిప్పుకూ కలపడం లేదు. వేణువో వీణో కలిపితే వినసొంపుగా ఉంటుందని చూసిన మిత్రులు అన్నారు. ఆ చప్పుడు వినిపించాలనే కదా ఫొటోలను దాటి వీడియోకు వచ్చింది.

జూలై 20

తెర మీద తెలుగు పేర్లు వేసే ప్రయత్నం విరమించుకున్నాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్ని తెలుగు అక్షరాలను సరిగా కూర్చలేవు, ఒత్తు అక్షరం కింద కుదరక పక్కకు జారుతుంది, గుణింతం విడిపోతుంది. సరిగా కూర్చగల మార్గాలు లేకపోలేదు, లిబాస్ అనే ఉపశీర్షికల సాధనం ఆధారంగా ఉపశీర్షికలను చిత్రంలో కలిపితే తెలుగు చక్కగానే వచ్చింది. కానీ చిత్రంలో కలిపిన రాతను తరవాత దిద్దలేం, వెతుకులాటకు అది దొరకదు, అంధులకు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందదు. పైగా అది ఆ నూగు మీదనే కూర్చుంటుంది. వివరణ మొత్తం వీడియో కింద రాసే పెట్టెలోకే వెళ్తుంది. వినలేనివారి కోసం ప్రతి వివరణలోనూ వినిపించే శబ్దం ఏమిటో ఒక వాక్యం చేర్చుతున్నాను.

జూలై 24

ఫైలు లోపల దాగి ఉండే సమాచారం మీద పనిచేశాను. ఫొటోల వెబ్‌సైటులో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆల్బమ్‌ను తీసిన తేదీ ప్రకారం పేర్చుకునే అలవాటు నాది. ఫొటోలో ఎగ్జిఫ్ (ఫైలులో దాగే వివరాలు) సమయం కెమెరా గడియారం చూపిన స్థానిక సమయం. వీడియోలకు వాడే ఎంపీ4 ఫైలులో సమయాన్ని ప్రమాణం ప్రకారం యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో), 1904 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల రూపంలో రాయాలి. ఫోన్లు సాధారణంగా అలాగే రాస్తాయి, కెమెరాలు చాలావరకు స్థానిక సమయాన్నే అక్కడ రాసేస్తాయి. ఫలితంగా ఉదయం పదింటికి కెమెరాతో తీసిన ఫొటో, అదే నిమిషంలో ఫోనుతో తీసిన వీడియో అయిదున్నర గంటల తేడాతో పేరుకుంటాయి: నేస్తున్న వీడియో ముందు, నేయడానికి పడుగు (నిలువు దారాలు) సిద్ధం చేస్తున్న ఫొటో వెనక. ఆ వివరాలను చదివే ఎగ్జిఫ్‌టూల్ అనే సాఫ్ట్‌వేర్‌తో అన్ని వీడియోల సమయాలనూ బయటికి తీసి, అదే పూట తీసిన ఫొటోలతో పోల్చి, ఏ పరికరం ఏ పద్ధతి పాటిస్తోందో నిర్ధారించుకుని, ఒక వరుసలోకి తెచ్చాను. వెబ్‌సైటులో తీసిన తేదీని తరవాతైనా మార్చుకోవచ్చు, అయినా ఫైలులోనే సరిగా ఉంటే రేపు మరో చోటికి తరలించినప్పుడు ఈ శ్రమ మళ్లీ పడనక్కర లేదు.

స్థలం సమాచారం ఇంకా సున్నితమైనది. ఫోను వీడియోలో అక్షాంశ రేఖాంశాలు నమోదై ఉంటాయి, అవి ఒక కుటుంబం ఇంటి గడపను చూపిస్తాయి. వాటిని పూర్తిగా తొలగించాను. యాదాద్రి భువనగిరి జిల్లా, భూదాన్ పోచంపల్లి అని వివరణలో రాస్తే చాలు. ఫోను మోడల్ వంటివి ఉన్నా ఇబ్బంది లేదు కాబట్టి వాటిని వదిలేశాను. రాశాక ప్రతి ఫైలునూ మళ్లీ చదివించి స్థలం గడి ఖాళీగా ఉందో లేదో చూశాను. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు మూల ఫైలు నుంచి ఆ సమాచారాన్ని వేరే గడిలోకి మోసుకొస్తుంది కాబట్టి ఈ చివరి పరిశీలన మానకూడదు.

ఫైలు మొదట్లోనే సూచిక ఉండేలా ఫాస్ట్‌స్టార్ట్ ఎంపిక చేర్చాను. ఎంపీ4లో ఏ చట్రం ఎక్కడుందో చెప్పే సూచిక మామూలుగా ఫైలు చివర ఉంటుంది, అలాంటి ఫైలు పూర్తిగా దిగేదాకా కొన్నిచోట్ల ఆడటం మొదలవదు. వెబ్‌సైటు తన ప్రతులు తానే తయారుచేసుకుంటుంది కాబట్టి దానికి ఇది అవసరం కాకపోవచ్చు. ఇదే ఫైలును నేత కుటుంబాలకు ఫోనులో పంపుతున్నాను, అక్కడ ఉపయోగపడుతుంది.

జూలై 27

పరీక్ష కోసం రెండు క్లిప్పులను నాకు మాత్రమే కనిపించేలా గోప్యంగా ఎక్కించాను: ఎరుపు నలుపు చీర దగ్గరి దృశ్యం, ఆసు. ఎక్కిన వెంటనే చూసి తీర్పు ఇవ్వకుండా వెబ్‌సైటు తన ప్రతులు సిద్ధం చేసుకునేదాకా ఆగి, ఆ తరవాత పెద్ద తెర మీదా సాధారణ ఫోనులోనూ పక్కపక్కన పెట్టి చూశాను. దగ్గరి దృశ్యంలో నూగు నిలిచింది. పూర్తి పదునుతో లేదు, కానీ అచ్చు గుడ్డకూ దీనికీ తేడా ఫోను తెర మీద కూడా తెలుస్తోంది. జూలై 13న పట్టిన శ్రమకు ఇది చాలు.

ఆసులో మరొకటి గమనించాను. క్లిప్పు మొదటి క్షణంలో చేయి చట్రం బయట ఉంది. ఫొటోల మధ్య కూర్చున్నప్పుడు ఆ మొదటి దృశ్యం ఖాళీ మేకుల ఫొటోగా కనిపిస్తుంది, ఆగి చూడాలన్న కోరిక కలగదు. చేయి కొనమేకు దగ్గరికి చేరిన క్షణం నుంచి మొదలయ్యేలా ముందు భాగాన్ని కోసి, ఆ చట్రాన్ని ఫొటోగా అంగీకరిస్తానా అని నన్ను నేను అడిగి, అంగీకరించాకే ఖాయం చేశాను. మిగిలిన అన్ని క్లిప్పుల మొదటి చట్రాలనూ ఇదే ప్రశ్నతో మళ్లీ చూస్తున్నాను.

ఆగస్టు 2

అన్నిటినీ ఎక్కించే పని. సెకనుకు 20 మెగాబిట్లు పైకి పంపగల కనెక్షన్ మీద 200 ఎంబీ ఫైలుకు లెక్క ప్రకారం 80 సెకన్లు, వాస్తవంలో ఇంకొంత ఎక్కువ. వర్షాకాలం సాయంత్రాలు కరెంటును నమ్ముకోలేం కాబట్టి రూటరును ఇన్వర్టరుకు కలిపి, ఉదయం పూటే కూర్చున్నాను. అన్నీ ఒకేసారి పంపకుండా ఒక్కొక్కటిగా పంపితే ఏది ఎక్కిందో ఏది ఎక్కలేదో అయోమయం ఉండదు. ప్రతిదీ ముందు గోప్యంగా ఎక్కి, పేరు, వివరణ, ట్యాగులు, హక్కుల ఎంపిక పూర్తయ్యాకే బహిరంగమవుతుంది. ట్యాగుల్లో ఇక్కత్, ఇకత్ రెండూ ఇచ్చాను, చిటికి, ఆసు, గుంట మగ్గం వంటి మన మాటలను తప్పక చేర్చాను. ఎక్కడో సూరత్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న పద్మశాలి కుటుంబపు పిల్లవాడు తాత నోట విన్న ఆసు అనే మాటను తెలుగులో వెతికితే ఈ నిమిషం దొరకాలి.

హక్కుల విషయంలో ఫొటోలకు ఒక నియమం, వీడియోలకు ఒక నియమం పెట్టాను. ఫొటోలు ఎప్పటి నుంచో పేరు చెప్పి వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉన్నాయి. వీడియోల్లో మనుషుల గొంతులు, ఇళ్ల లోపలి భాగాలు ఉన్నాయి, వాటిని ప్రకటనల్లోకి తీసుకుపోయే అవకాశాన్ని ఆ కుటుంబాల తరఫున ఇచ్చే అధికారం నాకు లేదు. అందుకే వాటికి సర్వహక్కులూ ఉంచాను.

మూల ఫైళ్లు, ఎక్కించిన ప్రతులు రెండు వేర్వేరు డిస్కుల్లో ఉన్నాయి, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో. ప్రతి ఫైలుకూ షా-256 సంఖ్య (ఫైలులోని బిట్లన్నిటి నుంచి లెక్కించే గుర్తు) రాసి పెట్టుకున్నాను. డిస్కు మీద ఒక్క బిట్టు చెడినా ఆ సంఖ్య మారుతుంది, ఏడాదికోసారి మళ్లీ లెక్కించి పోల్చితే ఏ ప్రతి క్షేమంగా ఉందో తెలుస్తుంది. వెబ్‌సైటు ప్రదర్శనకు ఉద్దేశించినది. భద్రపరచుకోవలసిన బాధ్యత తీసినవారిదే.

ఆగస్టు 5

ఆల్బమ్‌లో నూలు చుట్టడం, ఆసు, చిటికి కట్టడం, పడుగు, నేత అన్నీ తమతమ ఫొటోల పక్కన చేరాయి. వరుస సరిగా ఉంది. కుటుంబాలన్నిటికీ లింకులు పంపాను. ఆసు క్లిప్పులో ఉన్న పెద్దమ్మ తన కోడలితో ఫోను చేయించి, తాను అంత వేగంగా తిప్పుతున్నట్టు తనకే తెలియదని చెప్పించారు. చిటికి క్లిప్పు వివరణలో కట్టు వేసే క్రమాన్ని ఇంకొంచెం స్పష్టంగా రాయమని మరొకరు అడిగితే, వారు చెప్పిన మాటలతోనే దిద్దాను.

రంగుల అద్దకం మాత్రం ఈసారికి లేదు. ఉన్న క్లిప్పుల్లో రంగు గిన్నె మీది ఆవిరి చిత్రాన్ని మొత్తం తెల్లబరిచింది, కట్టు విప్పినప్పుడు బయటపడే తెల్లని చోటు, దాని అంచున పాకిన రంగు ఎక్కడా సరిగా కనిపించడం లేదు. ఈ ఆల్బమ్‌లోకెల్లా కీలకమైన దృశ్యం అదే, నూగు పుట్టేది అక్కడే. దాన్ని ఉన్నదానితో సరిపెట్టడం కంటే వర్షాలు తగ్గాక ఎండ వెలుతురులో, గిన్నెకు పక్క నుంచి, పోగుకు వీలైనంత దగ్గరగా మళ్లీ తీయడం మేలు. అందుకు అద్దకం పనిచేసే కుటుంబం ఒప్పుకుంది, దసరా దాటాక రమ్మన్నారు.